కావన్‌సైట్: హైదరాబాద్‌లో ఉండి ఒక అరుదైన నీలి ఖనిజాన్ని గుర్తుపట్టడం, కొనడం, కాపాడుకోవడం

నేను కొన్న మొదటి కావన్‌సైట్ కావన్‌సైటే కాదు. 1,800 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. తెల్లరాయి మీద ముదురు నీలం స్ఫటికాలు, చూడ్డానికి ఎంత బాగుందో. హాల్లో టీవీ పక్కన పెట్టి వారం రోజులు మురిసిపోయా. ఆ ఆదివారం నల్గొండ నుంచి మేనమామ వచ్చాడు. చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే ఆ రాయి తీసి చూశాడు. వేలికి నీలం అంటింది. "ఏందిరా, మన బత్తాయి చెట్లకు కొట్టే మైలుతుత్తం గద ఇది!" అన్నాడు. తోటకు బోర్డో మిశ్రమం కలిపి కలిపి ఆయనకు ఆ రంగు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. నిజమే, ఎవరో కాపర్ సల్ఫేట్ ద్రావణంలో తెల్లరాయిని ముంచి స్ఫటికాలు పెంచి అమ్మారు.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటే. నేను నీలాన్ని చూశాను గానీ, ఆ నీలం దేని మీద, ఎలా కూర్చుందో చూడలేదు. కింద రాసిందంతా ఆ చూడ్డం నేర్చుకోవడం గురించే. జియాలజీ చదివి ఉండక్కర్లేదు. ఒక భూతద్దం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

మొదటి అడుగు: దీని స్వభావం తెలుసుకోండి

కావన్‌సైట్ సిలికేట్ జాతి ఖనిజం. పేరులోనే దాని వంటకం ఉంది: కాల్షియంలోని ‘కా’, వనాడియంలోని ‘వన్’, సిలికేట్‌లోని ‘సి’. ఒక కాల్షియం, ఒక వనాడియం-ఆక్సిజన్ జంట, నాలుగు సిలికాన్‌లు, వాటికి పది ఆక్సిజన్‌లు, వీటితో పాటు నాలుగు నీటి అణువులు. రాయిలో నీళ్లేమిటి అనుకోకండి. సిలికాన్, ఆక్సిజన్ కలిసి పొరలు పొరలుగా అల్లుకుంటాయి. ఆ పొరలను వనాడియం ఒకదానికొకటి కట్టిపడేస్తుంది. మధ్య ఖాళీల్లో కాల్షియం, నీళ్లు ఇరుక్కుని ఉంటాయి. బాగా వేడి చేస్తే ఆ నీళ్లు బయటికి పోతాయి, దాంతో స్ఫటికం చెడిపోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

దీన్ని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించింది 1973లో. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో దొరికిన ముక్కల మీద లాయిడ్ స్టేపుల్స్, హోవార్డ్ ఎవాన్స్, జేమ్స్ లిండ్సే అనే ముగ్గురు ఆ పని చేశారు. అంటే మన తాతల కాలం నాటి పుస్తకాల్లో ఈ పేరే ఉండదు. ఒరెగాన్‌లో దొరికింది కొద్దిగానే. ప్రపంచమంతా ఇవాళ కావన్‌సైట్ అంటే గుర్తుచేసుకునేది మాత్రం మన పొరుగు రాష్ట్రంలోని వాఘోలినే. పుణె ఊరిచివర, అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. అక్కడి కంకర క్వారీల్లో 1980ల చివర్నించి మంచి ముక్కలు బయటపడుతూ వచ్చాయి. దేశదేశాల మ్యూజియాల్లో, సేకర్తల అల్మారాల్లో ఉన్న మంచి ముక్కల్లో చాలామటుకు అక్కడివే.

రంగు గురించి చెప్పాలంటే నాకు పాలపిట్ట రెక్కే గుర్తొస్తుంది. కూర్చున్నప్పుడు కాదు, దసరా రోజు పొలం గట్టు మీంచి లేచి ఎగిరేటప్పుడు విచ్చుకునే నీలం. కొన్ని ముక్కల్లో కొంచెం ఆకుపచ్చ ఛాయ కలుస్తుంది. ఈ రంగు వనాడియం వల్ల వచ్చిందే, పైపూత కాదు. (వనాడియం కలిసిన పదార్థాలు రంగురంగుల్లో ఉంటాయనే 1830లో దానికి వనాడిస్ అనే స్కాండినేవియా సౌందర్యదేవత పేరు పెట్టారు. రంగు చూసి పడిపోయింది నేనొక్కడినే కాదన్నమాట.) గరుకు పింగాణీ పలక మీద గీస్తే నీలపు ఛాయ ఉన్న తెల్లటి చార వస్తుంది. మెరుపు గాజులా ఉంటుంది, కొన్ని కోణాల్లో ముత్యంలా.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలత మీద దీని కాఠిన్యం 3 నుంచి 4. వేలిగోరు 2.5, గాజు పెంకు 5.5, క్వార్ట్జ్ (పలుగురాయి) 7 అనుకుంటే ఇదెక్కడుందో మీకే తెలుస్తుంది. సాంద్రత నీటికి 2.2 నుంచి 2.3 రెట్లు, అంటే రాళ్లలో తేలికపాటిదే. రంగురాళ్ల దుకాణంలో ఎవరైనా దీన్ని ఉంగరంలో పొదిగిస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. అంట్లు తోమే పీచుకే గీతలు పడే రాయి ఇది. పైగా అలా పొదగడానికి సరిపడా పెద్ద స్ఫటికం దొరకదు. గ్రహదోషాల సంగతి నాకు తెలియదు, ఉంగరం మాత్రం నెల నిలవదు.

రెండో అడుగు: మన గుట్టల్లో ఎందుకు దొరకదో తెలుసుకోండి

హైదరాబాద్‌లో రాయికి కరువా! మౌలాలి గుట్ట, ఖాజాగూడ, సెంట్రల్ యూనివర్సిటీ లోపలి పుట్టగొడుగు బండ, ఎటు చూసినా రాళ్లే. కానీ అవన్నీ గ్రానైట్, గ్రానైట్ లాంటి రాళ్లు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో నిదానంగా చల్లారి గట్టిపడ్డవి. అక్కడ కావన్‌సైట్‌కు పుట్టడానికి చోటే లేదు.

దానికి కావాల్సింది లావా. మంచి లావా పొర ఎలా ఉంటుందో ఇడ్లీని తుంచి చూస్తే తెలుస్తుంది: లోపలంతా సన్నని బుడగల గూళ్లు. లావా పైకి వచ్చినప్పుడు అందులోని వాయువులు బుడగలు కట్టి, అవి బయటపడేలోపే రాయి గట్టిపడిపోతుంది. ఖాళీ గూళ్లు మిగులుతాయి. ఆ తర్వాత ఎప్పుడో వేడినీళ్లు ఆ రాతి పగుళ్ల గుండా పారుతూ, రాయిలోంచే కాస్త కాల్షియం, కాస్త సిలికా, ఎక్కడో అరుదుగా కాస్త వనాడియం కరిగించుకుని, ఈ గూళ్లలో మెల్లగా పేరుస్తూ పోతాయి. కాల్షియం, సిలికా దక్కన్ రాళ్లలో కావాల్సినంత. అందుకే జియోలైట్లు (నీళ్లను లోపల ఇముడ్చుకున్న సిలికేట్ ఖనిజాల కుటుంబం) అక్కడ బోలెడు. వనాడియం చాలినంత ఒకచోట చేరడమే అరుదు. అందుకే కావన్‌సైట్ అరుదు.

దక్కన్ లావా పొరలు దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. వాటి తూర్పు అంచు మన ఊరి పక్కకే వస్తుంది. శంకర్‌పల్లి దాటి వికారాబాద్ వైపు వెళ్తుంటే గుండ్రటి గ్రానైట్ గుండ్లు మెల్లగా కనుమరుగై, నల్లరేగడి నేల, నల్లరాయి మొదలవుతాయి. మూసీ పుట్టిన అనంతగిరి కొండలు ఆ లావా మీదివే, నెత్తిన లేటరైట్ అనే ఎర్రటి రాతి టోపీతో.

అక్కడ కావన్‌సైట్ దొరుకుతుందా? దొరకదు. అలా చెప్పి ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. కానీ అటువైపు ఒకసారి వెళ్లి రమ్మని నేను ప్రతి ఒక్కరికీ చెప్తా. ఎందుకంటే కావన్‌సైట్ ఎలాంటి ఇంట్లో పుడుతుందో ఆ ఇల్లు అక్కడ చూడొచ్చు.

మూడో అడుగు: ఒక ఆదివారం నల్లరాయి చూసి రండి

పొద్దున్నే బయల్దేరండి. ఎండ నెత్తికెక్కాక నల్లరాయి పెనంలా కాలుతుంది. శంకర్‌పల్లి దాటాక రోడ్డు కోసం తవ్విన గట్లు, బావుల పక్కన పోసిన రాళ్లకుప్పలు, వాగుల అంచులు చూడండి. తాజాగా పగిలిన ముఖం ఉన్న రాయి కావాలి, ఎండకూ వానకూ అరిగిపోయింది కాదు. నల్లటి రాయిలో తెల్లటి, లేత గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే, రాగి సంగటిలో అన్నం మెతుకుల్లా, అదే మీరు చూడాల్సింది. ఆ మెతుకులన్నీ ఒకప్పుడు గాలి బుడగలు. ఇప్పుడు వాటి నిండా జియోలైట్, కాల్సైట్, సిలికా.

ఒక మచ్చ దగ్గర కూర్చుని పది నిమిషాలు చూడండి. అంచు నుంచి మధ్యకు ఎలా పెరిగిందో గమనించండి. గూటి గోడకు పలుచటి పొర, దాని మీద సన్న స్ఫటికాలు, ఇంకా చోటు మిగిలితే మధ్యలో బోలు. ఖనిజాలు ఒకదాని మీద ఒకటి వరసగా వచ్చి కూర్చుంటాయి, బస్సులో సీట్ల కోసం వచ్చినట్టు ఎక్కడంటే అక్కడ కాదు. ముందొచ్చింది గోడకు, వెనకొచ్చింది దాని మీద. రేపు మీరు కొనబోయే ముక్కలో నీలం బంతి ఏ వరసలో ఉందో చూడటానికి ఈ అలవాటే పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు. పొలం ఎవరిదైనా అడిగి అడుగుపెట్టండి. మన దగ్గర "రాళ్లు చూసుకుంటాం పెద్దాయనా" అంటే నవ్వుతారు గానీ కాదనరు. రిజర్వ్ ఫారెస్ట్‌లో మాత్రం రాయి పగలగొట్టడం, తీసుకురావడం చట్టప్రకారం నేరం. అక్కడ కళ్లతోనే చూడండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

నాలుగో అడుగు: సామాను

పెద్ద ఖర్చేం లేదు. నగల షాపుల వాళ్లు కంటికి పెట్టుకునే లూప్, 10 రెట్లు పెద్దగా చూపేది, అబిడ్స్, చార్మినార్ వైపు గడియారాలు బాగుచేసే సామాను అమ్మే చోట అడగండి. 30 రెట్లు, 60 రెట్లు అని రాసినవి వద్దు, చేతిలో వణుకుతాయి. ఒక గ్రాములో పదో వంతు చూపే చిన్న డిజిటల్ తూకం. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చ్. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, గోళ్లరంగు తుడిచే ద్రవం. మేకప్ బ్రష్ ఒకటి, కెమెరా లెన్స్ దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి ఒకటి. అంతే. యాసిడ్ ఏ రూపంలోనూ కొనొద్దు. రాళ్ల వీడియోల్లో బాత్రూమ్ యాసిడ్ పోసి కడగడం చూపిస్తుంటారు. క్వార్ట్జ్‌కు సరే, జియోలైట్లను యాసిడ్ తినేస్తుంది.

ఐదో అడుగు: కొనే ముందు ముక్కను చదవండి

అసలు పని ఇక్కడుంది కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తా.

ముందు కొలత. కావన్‌సైట్ బంతి మామూలుగా ఆవగింజంత నుంచి శనగగింజంత ఉంటుంది. దాటితే రేటు చుక్కల్లోకి వెళ్తుంది. నిమ్మకాయంత నీలం బంతి తక్కువ ధరకు వస్తోందంటే అది కావన్‌సైట్ కాదు, మీ అదృష్టం కూడా కాదు.

తర్వాత ఆకారం. దూరం నుంచి అది బంతిలా కనిపిస్తుంది గానీ, లూప్ పెట్టి చూస్తే బంతి కాదు. ఒకే బిందువు నుంచి అన్ని వైపులా పొడుచుకొచ్చిన సన్నని స్ఫటికాల గుత్తి. కదంబపూవును దగ్గర్నుంచి చూసినట్టుంటుంది. ప్రతి పుల్ల చివరా చిన్న మెరిసే ముఖం. ఫోన్ టార్చ్‌ను అటూ ఇటూ తిప్పితే ఆ ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి తళుక్కుమంటాయి. రంగు పూసిన బంతి ఇలా మెరవదు, మొత్తం ఒకేసారి నిగనిగలాడుతుంది, లేదా మొత్తం మొద్దుగా ఉంటుంది.

ముక్కలో ఎక్కడైనా విరిగిన బంతి ఉందేమో వెతకండి. చాలామంది విరిగిన ముక్క వద్దంటారు, నేను కావాలని అడుగుతా. అడ్డంగా కోసిన నిమ్మచెక్కలో తొనలు మధ్య నుంచి అంచుకు సాగినట్టు, విరిగిన కావన్‌సైట్‌లో పుల్లలు కేంద్రం నుంచి బయటికి సాగుతాయి, లోపలంతా అదే నీలం. లోపల తెల్లగా ఉండి అంచు మాత్రమే నీలంగా ఉంటే రంగు వేశారని అర్థం.

ఇప్పుడు అది కూర్చున్న చోటు. వాఘోలి కావన్‌సైట్ ఒంటరిగా రావడం తక్కువ. దాని కింద ఎక్కువగా స్టిల్బైట్ అనే జియోలైట్ ఉంటుంది: తెల్లగా, మీగడ రంగులో, కొన్నిసార్లు లేత గులాబీగా, ముత్యపు మెరుపుతో, మధ్యలో తాడుతో కట్టిన వరిపనలా నడుము సన్నగా, కొసలు విచ్చుకుని. పక్కన హ్యూలాండైట్ ఉండొచ్చు, దూదిపింజలా సన్నటి మోర్డెనైట్, పలకల్లాంటి కాల్సైట్, అద్దంలా నిలువుగా నిలబడ్డ అపోఫిలైట్ కూడా. వీటన్నిటి కిందా ఆ పాత లావా రాయి, బూడిదరంగులోనో గోధుమరంగులోనో. ఈ మొత్తం కుటుంబం కనిపించాలి. నేను మొదట కొన్న మైలుతుత్తం ముక్క కింద రాయి ఏంటో తెలుసా? క్వార్ట్జ్. నీలానికి, దానికి మధ్య ఏ చుట్టరికమూ లేదు. అప్పుడే చూసి ఉంటే 1,800 మిగిలేవి.

చివరిది జిగురు. పూర్తిగా నకిలీ చేయడం కన్నా ఎక్కువగా జరిగే మోసం ఇదే. నిజమైన స్టిల్బైట్, నిజమైన కావన్‌సైట్ బంతి, కానీ రెండూ వేరు వేరు చోట్ల రాలినవి. వాటిని జిగురుతో కలిపి ‘సహజ’ నమూనా అంటారు. రాలిన బంతులు చవక, రాయి మీద నిలిచిన బంతి ఖరీదు, ఆ తేడాలోనే వ్యాపారం.

దీన్ని పట్టుకోవాలంటే బంతి మొదలును చూడాలి. లూప్‌ను కంటికి ఆనించి, ముక్కను లూప్ దగ్గరికి తీసుకురండి, మీ తలను ముక్క దగ్గరికి కాదు. సహజంగా పెరిగిన చోట బంతి అడుగు కాస్త స్టిల్బైట్‌లోకి దిగి ఉంటుంది, లేదా స్టిల్బైట్ పలకలు బంతి మీదికి ఒరిగి పెరిగి ఉంటాయి. రెండింటి మధ్య గీత ఎగుడుదిగుడుగా, పొడిగా ఉంటుంది. జిగురు ఉన్నచోట అడుగు చుట్టూ ఒక నున్నటి తడి మెరుపు, గ్లాసు అంచుకు నీళ్లు పాకినట్టు. అందులో సన్న గాలి బుడగలు, దారప్పోగులు, దుమ్ము ఇరుక్కుని ఉంటాయి. కొందరు తెలివిగా జిగురు ఆరకముందే దాని మీద రాతిపొడి చల్లుతారు. ఆ పొడి అంతా ఒకే సైజులో, దిక్కూ దిశా లేకుండా ఉంటుంది. స్ఫటికాలు అలా ఉండవు.

గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చ్ వేయండి. చాలా జిగుర్లు పాలనీలంగా వెలుగుతాయి. అయితే కాల్సైట్ కూడా వెలగొచ్చు, కాబట్టి వెలగ్గానే అమ్మినవాడి మీద కేకలేయకండి. వెలుగు ఎక్కడుందో చూడండి. రాయంతా చుక్కలు చుక్కలుగా ఉంటే ఖనిజం, బంతి అడుగున వలయంలా ఉంటే జిగురు.

జిగురు పెట్టిన ముక్క కొనకూడదా అంటే, కొనొచ్చు, ముందే చెప్పి ఆ ధరకే ఇస్తే. రాలిన బంతిని తిరిగి దాని చోటే అతికించడం వేరు, లేని చోట నాటడం వేరు. చెప్పకపోవడమే తప్పు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మూడు అడగండి: కిటికీ వెలుతురులో తీసిన వీడియో, అడుగువైపు ఫోటో, ఏ క్వారీ ప్రాంతం నుంచి వచ్చిందో రాతపూర్వకంగా. అడుగు ఫోటో పంపని వాళ్ల దగ్గర నేను కొనడం మానేశా. ఫోటోల్లో నీలాన్ని పెంచడం ఇప్పుడు ఫోన్‌లోనే అయిపోతుంది. పక్కన ఒక పది రూపాయల నాణెం పెట్టి తీయమంటే కొలతా తెలుస్తుంది, రంగు ఎంత పెంచారో కూడా తెలుస్తుంది. నాణెం పసుపు అంచు నారింజలా కనిపిస్తే సంగతి అర్థమైనట్టే.

ఆరో అడుగు: ఇంటికొచ్చాక పరీక్షలు

ముందు నీళ్లు. దూది పుల్లను తడిపి, కనబడని మూలలో ఒక నీలం కొసను మెత్తగా తాకి, అర నిమిషం ఆగి చూడండి. కావన్‌సైట్ నీటిలో కరగదు, పుల్ల తెల్లగానే ఉంటుంది. మైలుతుత్తం అయితే నీలం దిగుతుంది. నాలుకతో మాత్రం ఎప్పుడూ చూడొద్దు, మైలుతుత్తం విషం. తర్వాత అదే పని గోళ్లరంగు తుడిచే ద్రవంతో. అద్దకం రంగులు నీటికి లొంగకపోయినా దీనికి చాలాసార్లు దిగొస్తాయి. రంగు అద్దిన రాయిలో నీలం పగుళ్లలో చిక్కగా, పైన పలుచగా ఉంటుందన్నది కూడా లూప్‌లో చూడండి.

సాంద్రత పరీక్ష చాలామంది చెప్తారు, నేనూ చెప్తా, కానీ దాని పరిమితి తెలిసి చేయండి. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా నొక్కండి. రాయికి సన్న దారం కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. తూకం ఇప్పుడు చూపే అంకె రాయి పక్కకు తోసిన నీళ్ల బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది. నా దగ్గరున్న విడి స్టిల్బైట్ ముక్క పొడిగా 26 గ్రాములు, నీళ్లలో తూకం చూపింది 12. భాగిస్తే 2.17. స్టిల్బైట్‌కు అది సరైన లెక్కే. అదే క్వార్ట్జ్ అయి ఉంటే 9.8 చూపేది, ఎందుకంటే క్వార్ట్జ్ 2.65. ఇలా కింద రాయి స్టిల్బైటా కాదా తేల్చుకోవచ్చు. కానీ నీలం భాగానికి ఈ లెక్క పనికిరాదు. బంతి మరీ చిన్నది, తూకం పట్టదు. పట్టినా, కావన్‌సైట్ 2.2 నుంచి 2.3 అయితే మైలుతుత్తం దాదాపు 2.28. రెండింటికీ సాంద్రత కలిసిపోయింది! అజురైట్ అనే ఇంకో నీలి ఖనిజం మాత్రం 3.8 దగ్గర ఉంటుంది, అది చేతికే బరువు తెలుస్తుంది. ఒక మాట, మోర్డెనైట్ లాంటి సన్న పోగులున్న నమూనాను నీళ్లలో ముంచకండి. తడిసిన పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి మళ్లీ విడవవు.

గీసి చూసే పరీక్ష అసలు స్ఫటికం మీద చేయొద్దు. గీస్తే తెలిసేది తక్కువ, పోయేది ఎక్కువ.

ఏడో అడుగు: పెంటగొనైట్ అని చెప్పి అమ్మితే

కావన్‌సైట్‌కు ఒక తోబుట్టువు ఉంది, పెంటగొనైట్. రసాయన సూత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. తేడా లోపలి అల్లికలో. సంక్రాంతికి వాకిట్లో అవే చుక్కలు పెట్టి అమ్మ ఒక ముగ్గు వేస్తుంది, పక్కింటి పిన్ని ఇంకోలా కలుపుతుంది. అలాగే కావన్‌సైట్ పొరల్లో సిలికా నాలుగేసి, ఎనిమిదేసి మెలికల వలయాలుగా కలుస్తుంది, పెంటగొనైట్‌లో ఆరేసి మెలికల వలయాలుగా. ఒరెగాన్ ముక్కల్లోనే, 1973లోనే రెండూ కలిసి వెలుగులోకి వచ్చాయి. వాఘోలిలో కూడా రెండూ ఉన్నాయి, పెంటగొనైట్ బాగా తక్కువ. అందుకే ఖరీదు, అందుకే కావన్‌సైట్‌నే ఆ పేరుతో అంటగట్టడం.

కంటితో చెప్పగలిగింది కొంతవరకే. కావన్‌సైట్ గుత్తులు గుండ్రంగా ఒత్తుగా ఉంటాయి. పెంటగొనైట్ విడివిడి కత్తుల్లా పొడుగ్గా, పలుచటి గుత్తులుగా ఉంటుంది. దాని స్ఫటికాలు జంటలు కట్టినప్పుడు అడ్డుకోత ఐదు కోణాల నక్షత్రంలా కనిపిస్తుంది, పేరు వచ్చింది అందుకే. లూప్‌లో ఐదు మొనలు స్పష్టంగా లెక్కపెట్టగలిగితే నమ్మొచ్చు. లేదంటే కచ్చితంగా తేల్చేది ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో లోపలి అల్లికను చూడటం) లాంటి ల్యాబ్ పరీక్షే, దానికి చిటికెడు పొడి కూడా ఎక్కువే. ఉస్మానియాలో జియాలజీ విభాగం ఉంది. తెలిసిన విద్యార్థి ఎవరైనా ఉంటే వాళ్ల ద్వారా మర్యాదగా అడిగి చూడండి. ప్రతి రాయికీ కాదు, పెంటగొనైట్ ధర పెట్టబోయే రాయికి మాత్రమే.

ఎనిమిదో అడుగు: పుణె వెళ్తే

హైదరాబాద్ నుంచి సుమారు 560 కిలోమీటర్లు, షోలాపూర్ మీదుగా జాతీయ రహదారి 65. దారి పొడవునా కనిపించే నల్లరాయి చూస్తూ వెళ్లడమే నాకు సగం ఆనందం. క్వారీల్లోకి నేరుగా వెళ్లొచ్చనుకోకండి. అవి పేలుళ్లు జరిగే చోట్లు, యజమాని అనుమతి, హెల్మెట్ లేకుండా గేటు దాటొద్దు. ఊరు పెరిగి చాలా క్వారీల చుట్టూ ఇళ్లు వచ్చేశాయి కూడా. మామూలు మనిషికి సులువైన దారి అక్కడ రాళ్లు అమ్మేవాళ్ల దగ్గర కూర్చుని, పైన చెప్పినవన్నీ చేత్తో పట్టుకుని చూసి కొనడమే.

తిరిగి తెచ్చుకోవడంలో చాలామంది చేసే తప్పు దూది. మెత్తగా ఉందని దూదిలో చుడతారు. ఇంటికొచ్చాక ఆ దూదిపోగులు స్ఫటికాల మధ్య చిక్కుకుని ఉంటాయి, లాగితే స్ఫటికాలూ వస్తాయి. స్ఫటికాల వైపు ఏదీ తగలకూడదు. ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, రాయి అడుగును మాత్రం అంటుకునే పుట్టీతో డబ్బా అడుగుకు బిగించండి. పైన గాలి తప్ప ఏమీ ఉండకూడదు. మూత పెట్టి మెల్లగా తలకిందులు చేసి చూడండి, కదలకపోతే సరే. ఆ డబ్బాను ఇంకో పెద్ద డబ్బాలో పెట్టి, రెండింటి మధ్య న్యూస్‌పేపర్ ఉండలు కుక్కండి. రైల్లో అయితే బెర్త్ కింద కాదు, ఒళ్లో పెట్టుకోండి. నవ్వినా పర్లేదు.

తొమ్మిదో అడుగు: ఇంట్లో కాపాడుకోవడం

మన ఊరి దుమ్ము సంగతి తెలిసిందే. బయట షెల్ఫ్ మీద పెడితే నెల తిరిగేసరికి పాలపిట్ట కాస్తా ఊరపిచ్చుకైపోతుంది. మూతున్న పారదర్శక డబ్బాలోనే ఉంచండి. దుమ్ము పడితే రబ్బరు బుడ్డితో ఊదండి, ఇంకా ఉంటే మేకప్ బ్రష్ కొసతో, మొదలు నుంచి మొన వైపు. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. టూత్‌బ్రష్, సబ్బు, కళ్లద్దాల షాపుల్లోని అల్ట్రాసోనిక్ మెషీన్, ఇవేవీ వద్దు. స్ఫటికంలో నీళ్లున్నాయని మొదట్లో చెప్పా కదా, హెయిర్ డ్రయర్, వేడి హాలోజన్ లైట్ల పక్కన కూడా వద్దు. షోకేసులో దీపం కావాలంటే చిన్న ఎల్ఈడీ, దూరంగా.

ఇక లేబుల్. ఇది రాయని వాళ్లే ఎక్కువ. ఎక్కడిదో తెలియని కావన్‌సైట్ అందమైన నీలంరాయి, అంతే. ఎక్కడిదో తెలిస్తేనే అది నమూనా. చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా వెలిసిపోతుంది. నేనిలా రాస్తా: "కావన్‌సైట్, స్టిల్బైట్ మీద. వాఘోలి, పుణె జిల్లా, మహారాష్ట్ర." కింద కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర, జిగురు ఉందా లేదా. ఆ కాగితాన్ని డబ్బాలోనే, రాయి కింద పెడతా. ఫోన్‌లో ఫోటో కూడా ఒకటి. డబ్బాలు మార్చేటప్పుడు రాయి, కాగితం వేరుపడకుండా ఒక్కో డబ్బానే తెరవండి. నేను ఒకసారి ఐదు డబ్బాలు ఒకేసారి తెరిచి, రెండు స్టిల్బైట్లు ఏ ఊరివో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

ఆ మొదటి రాయిని పారేయలేదు. దానికీ లేబుల్ ఉంది: "మైలుతుత్తం, క్వార్ట్జ్ మీద. ఎవరో ఇంట్లో పెంచింది. 1,800 రూపాయలు. గుర్తుపట్టింది: మామయ్య." ఆ డబ్బాను మాత్రం పిల్లల చేతికి అందకుండా పై అరలో పెట్టా.